పెంకుల సాక్ష్యము

ఇంటిలో కుండ పగిలినచో దాని పెంకులను ఏరి దిబ్బమీద పారవేయుదుము. అంతటితో ఆ కుండ కథ ముగిసినదని మన తలంపు. బంగారు నగ పాతబడినచో కరగించి వేఱొక నగ చేయింతురు. ఇత్తడి బిందె చొట్టపడినచో మారకమునకు ఇత్తురు. కఱ్ఱ చివుకును, గుడ్డ చినుగును, ఇనుము త్రుప్పు పట్టును. కాలిన మట్టి మాత్రము కరగదు, క్రుళ్లదు. పగిలిన పిమ్మట దానిని దొంగయు ముట్టడు, దొరయు ముట్టడు. పడినచోటనే రెండువేల సంవత్సరములైనను పడియుండును. ఎవరికిని అక్కఱలేకపోవుటయే దానికి రక్ష. అందువలననే చరిత్రకారునకు చిల్లపెంకును మించిన సాక్షి అరుదు.

రోమను సామ్రాజ్యమునకు లోబడియున్న దినములలో బ్రిటను దేశము ఎట్లుండెనో తెలిసికొనుటకు అక్కడి పురావస్తు శాస్త్రజ్ఞులు ఈ సాక్షిని ఏ విధముగా విచారించిరో, గ్రంథములలో లేని సంగతులు ఏవి బయల్పడెనో ఈ ప్రసంగమున మనము చూతము. ఆ విచారణ పద్ధతి తరువాత మన దక్షిణాపథమునకును వచ్చి, శాతవాహనుల కాలనిర్ణయమునకు తోడ్పడినది. కనుక ఈ కథ మనకు బొత్తిగా పరాయిది కాదు.

ముందుగా చరిత్రను క్లుప్తముగా జ్ఞప్తికి తెచ్చుకొందము. జూలియస్ సీజరు క్రీ.పూ. 55, 54 సంవత్సరములలో రెండు మార్లు సముద్రము దాటి బ్రిటనుపై దండెత్తెను గాని అక్కడ నిలువలేదు. క్రీ.శ. 43లో క్లాడియస్ చక్రవర్తి సేనలు దిగి ఆ దీవిలో అధికారమును స్థాపించినవి. నాటినుండి సుమారు క్రీ.శ. 410 వఱకు, అనగా దాదాపు 370 సంవత్సరములు, నేటి ఇంగ్లండు, వేల్సు ప్రాంతములు రోమను పాలనలో నుండెను. సైన్యము నడచుటకు రాజమార్గములు, కాపుండుటకు కోటలు, వర్తకమునకు నగరములు వెలసినవి. క్రీ.శ. 122లో హేడ్రియన్ చక్రవర్తి ఉత్తరపు సరిహద్దున తీరమునుండి తీరమునకు సుమారు 117 కిలోమీటర్ల పొడవున గోడ కట్టింప మొదలిడెను.

ఈ చరిత్రను వ్రాసినవారు ఎవరు? సీజరు తన దండయాత్రలను తానే వ్రాసికొనెను. టాసిటస్ అను మహాచరిత్రకారుడు బ్రిటనును పాలించిన అగ్రికోలాకు స్వయముగా అల్లుడు. గెలిచినవారి పక్షమున గ్రంథములు కలవు. ఓడినవారి పక్షమున ఒక్కటియు లేదు. ఆ గ్రంథములలోనైనను యుద్ధములు, సేనానులు, పన్నులు, తిరుగుబాట్లు కనిపించునే గాని, ఒక వీధిలోని అంగడివాడు ఏమి అమ్మెను, ఒక ఇల్లాలు దేనిలో వండెను, కాలిపోయిన ఊరు మరల ఎన్నడు లేచెను అను ప్రశ్నలకు సమాధానము లేదు. ఆ సమాధానము నేలలోనే వెదకవలసియుండెను.

బ్రిటనులోని రోమను స్థలములలో దేనిని త్రవ్వినను తఱచుగా చేతికి వచ్చునది ఎర్రగా నిగనిగలాడు ఒక పెంకు. దానికి అక్కడ సేమియన్ పాత్ర యని వాడుక పేరు. పేరు గ్రీకుల సేమాస్ ద్వీపమును తలపించును గాని, ఆ ద్వీపముతో దీనికి సంబంధము లేదు. ఇది చాలవఱకు గాల్ దేశమున, అనగా నేటి ఫ్రాన్సులో తయారైనది. మొదటి శతాబ్దమున దక్షిణమున నున్న లా గ్రోఫెసెంక్, రెండవ శతాబ్దమున మధ్యప్రాంతమున నున్న లెజూ దీనికి పెద్ద కేంద్రములు. మట్టిని నీటిలో కలిపి తేర్చి, మిక్కిలి సన్నని అడుసును పూతగా పూసి, 900 డిగ్రీలకు మించిన వేడిలో పొగ సోకకుండ కాల్చెడివారు. అందువలననే ఆ ఎరుపు, ఆ నిగారింపు. బొమ్మలుగల గిన్నెలను అచ్చులలో చేసెడివారు. లేళ్లు, కుందేళ్లు, లతలు, దేవతామూర్తులు ఆ అచ్చులలోనుండి గిన్నెల వెలుపలి అంచుపై తేలివచ్చెడివి.

లా గ్రోఫెసెంక్‌లో దొరకిన కొన్ని పళ్లెములపై కుమ్మరులు గీచికొనిన లెక్కలు కలవు. పెక్కుమంది కుమ్మరులు తమ పాత్రలను ఒకే ఆవములో కాల్చుకొనెడివారు. ఎవరివి ఎన్ని పళ్లెములు, ఎన్ని గిన్నెలు అని ఆ గీతలలో లెక్క. ఒక్కొక్క ఆవమున పదివేలకు మించిన పాత్రలు కాలినట్లు వానివలన తెలియుచున్నది. దీనిని గ్రామపు కుమ్మరివాని పనితో పోల్చరాదు. ఇది సముద్రములు దాటిన వ్యాపారము.

ఆ కుమ్మరులు చేసిన మఱియొక పని చరిత్రకు మహోపకారమైనది. వారు పాత్ర అడుగున తమ పేరుతో ముద్ర వేసెడివారు. మొమ్మో, విటాలిస్, సిన్నమస్ మున్నగు పేర్లు ఈ విధముగనే మనకు దక్కినవి. రాజులు కారు, సేనానులు కారు. మట్టి తొక్కి సారె త్రిప్పినవారు. ఇంగ్లండులోని లీడ్స్ నగరమున బ్రయన్ హార్ట్లీ మొదలిడిన మహాకార్యము ఫలితముగా 2008 నుండి 2012 వఱకు తొమ్మిది సంపుటముల పట్టిక వెలువడినది. అందులో 5,000కు పైబడిన పేర్లు, సుమారు 3,00,000 ముద్రలు చేరినవి. ఒక సామ్రాజ్యపు సేనాధిపతులలో పేర్లు దక్కినవారు ఎందఱో గాని, దాని కుమ్మరులలో ఇందఱి పేర్లు దక్కుట విశేషము.

అయితే పెంకును చూచి సంవత్సరము చెప్పుట ఎట్లు సాధ్యము? ఇందులో మంత్రమేమియు లేదు. పాత్రల ఆకారములు కాలముతో పాటు మారును. 1895లో డ్రాగెండార్ఫ్ అను జర్మను పండితుడు సేమియన్ పాత్రల ఆకారములకు వరుస సంఖ్యలు ఇచ్చెను. ఆ సంఖ్యలే నేటికిని వాడుకలో నున్నవి. నడుము మడతపడినట్లున్న 29వ రకపు గిన్నె మొదటి శతాబ్దమునకు చెందినది. సగము కొబ్బరికాయవలె గుండ్రనైన 37వ రకము దాని తరువాత వచ్చి దాని స్థానమును ఆక్రమించెను. ఈ మార్పు ఎన్నడు జరిగెనో చెప్పుటకు తారీఖు తెలిసిన స్థలమొకటి కావలెను. అట్టిది ఇటలీలో దొరకెను. క్రీ.శ. 79లో విసూవియస్ అగ్నిపర్వతము పాంపేయి నగరమును పూడ్చివేసెను గదా. ఆ శిథిలములలో గాల్ దేశమునుండి వచ్చి ఇంకను వాడుకలోనికి రాని సరకు ఒకటి బయల్పడెను. అందులో సేమియన్ గిన్నెలు 90. వానిలో 29వ రకమును కలదు, 37వ రకమును కలదు. అనగా 79వ సంవత్సరమున రెండును అంగటిలో నుండెనన్నమాట. కట్టిన సంవత్సరము గ్రంథములవలననో శాసనములవలననో తెలిసిన కోటలలోని పెంకులను కూడ ఇట్లే సరిపోల్చి, శాస్త్రజ్ఞులు క్రమముగా ఒక కాలసూచిని సిద్ధపఱచిరి.

ఒక హెచ్చరిక మాత్రము మఱువరాదు. తాతగారి పళ్లెమును మనుమడు వాడుకొనుచుండవచ్చును. కావున పెంకు తయారైన కాలమే ఆ పొర ఏర్పడిన కాలమని చెప్పరాదు. ఒక పొరలో దొరకిన వస్తువులన్నిటిలోను క్రొత్తది ఏదో చూడవలెను. ఆ పొర దానికి ముందు ఏర్పడియుండదు. చిన్న సూత్రమే, అయినను పురావస్తుశాస్త్రములోని కాలనిర్ణయము చాలవఱకు దీనిపైననే నిలిచియున్నది.

ఇప్పుడు ఈ సాక్షిని ఒక పెద్ద వ్యాజ్యమునకు పిలుతము. క్రీ.శ. 60 లేక 61లో బౌడికా రాణి తిరుగుబాటు జరిగెను. ఐసీనీ జాతికి రాజైన ఆమె భర్త మరణింపగా రోమను ఉద్యోగులు రాజ్యమును దోచుకొని, రాణిని కొరడాలతో కొట్టించి, ఆమె కుమార్తెలను చెఱచిరని టాసిటస్ వ్రాసెను. రాణి జనులను కూడగట్టి మూడు నగరములను భస్మము చేసెను. అవి నేటి కాల్చెస్టర్, లండను, సెయింట్ ఆల్బన్స్ సమీపమున నున్న వెరులామియమ్. మృతులు సుమారు 70,000 అని ఆ గ్రంథకర్త లెక్క. ఆ లెక్క నిజమో, అతిశయమో తేల్చుట కష్టము. అగ్ని మాత్రము నిజము. కాల్చెస్టర్‌లోను లండనులోను లోతుగా పునాదులు త్రవ్వినపుడు కాలి ఎర్రబాఱిన మట్టిపొర నేటికిని అగపడుచున్నది. అందులోని సేమియన్ పెంకులు కొన్ని మంటలో పడి నల్లబడినవి. వాని ఆకారములు, ముద్రలు ఆ కాలమునకు సరిపోవుచున్నవి.

కాల్చెస్టర్‌లో ఆ మంటలో చిక్కిన పాత్రల అంగడియే బయల్పడినది. అమ్మకమునకు పేర్చిన సేమియన్ పాత్రలు మాడిపోయెను; గాజు సామానులు కరగి జాఱినవి. ఆ అంగడివాడు రోమనుడో, గాల్ దేశీయుడో, ఏమైనాడో మనకు తెలియదు. కాని దండయాత్ర జరిగి ఇరువది సంవత్సరములైనను గడువకముందే, సముద్రముదాటి వచ్చిన పాత్రలను ఆ పట్టణమున కొనువారుండిరని ఆ మాడిన సరకు చెప్పుచున్నది. వర్తకము సైన్యము వెనువెంటనే వచ్చినది.

వెరులామియమ్ సంగతి మఱింత ఆలోచింపదగినది. అక్కడ షెపర్డ్ ఫ్రెయర్ 1955 నుండి 1961 వఱకు త్రవ్వకములు జరిపెను. నగరమధ్యమున ఒకే వరుసలో కట్టిన కొయ్య అంగళ్లు బయటపడినవి. అవి క్రీ.శ. 49 ప్రాంతమున కట్టినవి. కంచుపనివారు అందులో పని చేసికొనెడివారు. తిరుగుబాటులో అవి తగులబడినవి. టాసిటస్ కథ అక్కడితో ఆగిపోయినది. పెంకులు దానిని ముందునకు నడిపినవి. కాలిన పొరకును, దానిపై మరల లేచిన అంగళ్లకును నడుమ సుమారు 15 సంవత్సరముల ఎడము కనిపించెను. క్రీ.శ. 75 ప్రాంతము వఱకు ఆ స్థలమున ఎవ్వరును కట్టలేదు. ఒక నగరము కాలెనని గ్రంథము చెప్పినది. ఆ నగరపు నడివీధి ఒక తరము పెరుగునంత కాలము బోసిపోయెనని చెప్పినది పెంకు. గాయము సంగతి వ్రాయువారు గాయము మానుటకు పట్టిన కాలమును వ్రాయరు గదా.

ఇట్టి అగ్నిప్రమాదమే మఱియొకటి రాక్సిటర్‌లో జరిగినది. 1923 నుండి 1927 వఱకు డానల్డ్ ఆట్కిన్సన్ అక్కడి నగరచౌకమును త్రవ్వెను. రెండవ శతాబ్దమున, 165–175 ప్రాంతమున, అంగడిబల్లలపై ఒకదానిలో నొకటి పేర్చిన సేమియన్ గిన్నెలు, పిండి నూఱు చట్లు, కత్తులు సానపట్టు రాళ్లు మంటలు లేచిన వేళ పక్కనున్న మురుగుకాలువలో కూలిపడినవి. శిథిలము వానిని కప్పివేసినది. మరల ఎవ్వరును వానిని తీయలేదు. ఆనాటి బేరము ముగియకముందే అట్లు ఆగిపోయిన అంగడి, పదునెనిమిది వందల సంవత్సరముల తరువాత దొరకిన దొరకినట్లే కనబడెను.

సముద్రము కూడ కొన్ని పాత్రలను దాచి తిరిగి ఇచ్చినది. కెంట్ తీరమున పల్లెవారి వలలలో ఎర్రని రోమను పళ్లెములు పడుచుండెను. పద్దెనిమిదవ శతాబ్దపు జాలరి గృహిణులు వానిలో పుడ్డింగు అను వంటకము వండుకొనెడివారట. అందువలన ఆ చోటికి పుడ్డింగ్ పాన్ రాక్ అని, అనగా పుడ్డింగు చట్టి బండ యని, పేరు నిలిచినది. రెండవ శతాబ్దము చివఱ గాల్ దేశమునుండి వచ్చుచున్న సరకు అక్కడ మునిగినదని పండితుల అభిప్రాయము. రోమను పెత్తందారుకై చేసిన పళ్లెము చివఱకు పల్లెవాని పొయ్యి మీదికి ఎక్కినది.

ఇంతవఱకు మనము చెప్పుకొన్నవి వెలగల విదేశపు సామానులు. దేశపు మట్టితో చేసిన మోటుపాత్రల సాక్ష్యము ఇంతకంటె విలువైనది. పిండి నూఱు చట్టి యొకటి కలదు. అది వెడల్పైన మూకుడువంటిది. లోపల గరుకైన రాతినలుసులు అద్దియుండును. ఆకులు, మసాలాలు, జున్ను మున్నగువానిని అందులో నూఱి పులుసులు చేయుట రోమనుల వంటపద్ధతి. మన రుబ్బురోలు ఏ ఇంట నున్నదో ఆ ఇంట వండు వంట ఏదో ఊహింపవచ్చును గదా! అట్లే ఈ చట్టి ఏ ఊరిలో కనబడునో ఆ ఊరికి రోమనుల రుచి చేరినదని గ్రహింపవచ్చును. లండను, వెరులామియమ్ నగరముల నడుమ బాటపక్కననే వీని ఆవములు కలవు. ఆల్బినస్ అను కుమ్మరి ముద్రగల చట్లు దేశమున నలుమూలల దొరకినవి.

దీనికి ఎదురుగా దేశీయుల వంటకుండ నిలిచినది. నైరుతిదిక్కున డార్సెట్ ప్రాంతపు పల్లెలలో రోమనులు రాకముందునుండియు సారె లేకుండ చేతితోనే నల్లని కుండలు చేసి, నున్నగా రాచి మెఱుగుపెట్టెడివారు. గెలిచినవారు వచ్చిన తరువాత ఈ మోటుపని అంతరించినదని ఎవరైనను అనుకొందురు. జరిగినది వేఱు. సుమారు క్రీ.శ. 120 నుండి ఈ నల్లకుండలు దేశము ఆ కొసనున్న హేడ్రియన్ గోడ కాపలా సైనికుల వంటశాలలకు రాశులుగా చేరినవి. అక్కడి పెంకులు ఇక్కడివేనని నిరూపించినది 1960లలో డేవిడ్ పీకాక్ జరిపిన పరీక్ష. మట్టిలో కలిసియున్న ఇసుకను, అందులోని ఖనిజములను సూక్ష్మముగా పరీక్షించి, అది డార్సెట్‌లోని పూల్ రేవు చుట్టుపట్ల మట్టియే యని తేల్చెను. ఓడినవారి కుండ గెలిచినవారి పొయ్యి మీద ఉడికినది. ఏ గ్రంథకర్తయు వ్రాయని సంగతి ఇది. పాలించువాడు పాలితులనుండి కప్పము ఒక్కటే కాక, అన్నము వండు పాత్రను కూడ గ్రహించెనని దీనివలన తేలినది.

తూర్పున నీన్ నది లోయలోని కుమ్మరులు నల్లని పానపాత్రలపై వేటకుక్కలు, పరువెత్తు కుందేళ్లు ఉబ్బుగా తీర్చిదిద్దిరి. ఎడ్మండ్ ఆర్టిస్ 1820లలో అక్కడి ఆవములను త్రవ్వి 1828లో చిత్రపటములు ప్రకటించెను. ఆక్స్‌ఫర్డ్ ప్రాంతమున, దక్షిణమున న్యూ ఫారెస్ట్ అడవులలో కూడ పెద్ద ఆవములు వెలసినవి. మూడవ శతాబ్దపు మధ్యకు సేమియన్ రాక ఆగిపోగా, దేశీయ కుమ్మరులే ఆ లోటును తీర్చిరి.

పెంకు ఇన్ని సంగతులు చెప్పునని చెప్పితిమి. కాని అది ఎప్పుడును చెప్పదు. దాని పొరలో అది ఉన్నంతవఱకే దానికి నోరు. పొరనుండి తీసివేసి బుట్టలో వేసినంతనే మూగబోవును. ఈ సత్యమును గ్రహించుటకు శాస్త్రజ్ఞులకే చాల కాలము పట్టినది.

దీనికి సిల్చెస్టర్ త్రవ్వకములే నిదర్శనము. ఆ రోమను నగరముపై తరువాతి కాలమున మఱియొక పట్టణము లేవలేదు. 1890 నుండి 1909 వఱకు లండనులోని పురాతత్త్వ సంఘమువారు గోడల లోపలి నగరమునంతటిని దాదాపుగా త్రవ్విరి. వీధులు, స్నానశాలలు, దేవాలయములు చూపు సంపూర్ణమైన పటము సిద్ధమైనది. లోకము మెచ్చుకొన్నది. కాని వారు రాతిగోడల వెంట పోయిరి. కొయ్య ఇండ్లు మిగిల్చిన మట్టిమరకలను గుర్తింపలేదు. ఏ పెంకు ఏ పొరలోనిదో వ్రాసికొనలేదు. కనుక నగరము ఎట్లుండెనో పటము చెప్పగలిగెను గాని, ఎప్పుడు ఎట్లుండెనో చెప్పలేకపోయెను. 370 సంవత్సరములు ఒకే కాగితము మీద కలగలిసినవి. రెడింగ్ విశ్వవిద్యాలయమువారు 1997 నుండి 2014 వఱకు ఆ నగరములోని ఒక్క భాగమును పొరవెంట పొర మరల త్రవ్విరి. ఒక్క భాగమునకు పదునెనిమిది వేసవులు పట్టెను. మునుపటివారు ముట్టక వదలిన నేలయే వీరికి ఆధారమైనది.

మార్గము చూపినవాడు జనరల్ పిట్ రివర్స్. 1880 నుండి తన జమీనులో త్రవ్వకములు జరిపించుచు, అందమైనవియే కాక అతి సామాన్యమైన వస్తువులను కూడ దొరకిన చోటుతో సహా వ్రాసి ఉంచవలెనని ఆయన పట్టుపట్టెను. ఆ బాటను నడచినవారు మార్టిమర్ వీలర్, ఆయన భార్య టెస్సా వీలర్. వారు 1930లలో వెరులామియమ్‌ను, తరువాత మెయిడెన్ కాసిల్ అను కొండకోటను త్రవ్విరి. నేలను చతురస్రములుగా విభజించి, నడుమ గట్లు వదలి త్రవ్వుట వారి పద్ధతి. ఆ గట్ల పక్కగోడలలో పొరలన్నియు దొంతరగా కన్పట్టుచుండును. ఏ పొరలో దొరకిన పెంకుకు ఆ పొర చీటి కట్టుదురు. టెస్సా వీలర్ 1936లోనే మరణించినను, ఆ పద్ధతిని కుదిర్చి, ఎందఱో యువకులకు నేర్పినవారిలో ఆమె ముఖ్యురాలు. వెరులామియమ్ మూడవ శతాబ్దముననే క్షీణించినదని వీలర్ తలంచెను. ఫ్రెయర్ తరువాత త్రవ్వి, నాల్గవ శతాబ్దమున కూడ అక్కడ గొప్ప ఇండ్లు వెలసినవని, ఐదవ శతాబ్దములోను జీవితము సాగినదని చూపెను. గురువు నేర్పిన పద్ధతియే గురువు నిర్ణయమును దిద్దినది.

రెండవ ప్రపంచయుద్ధమున బాంబులు పడి లండను నడిబొడ్డు కూలెను. ఆ శిథిలముల క్రింద రోమను నగరము బయటపడు అవకాశము వచ్చెను గాని, క్రొత్త భవనములు లేచులోపల త్రవ్వి ముగింపవలెను. గ్రైమ్స్ అను శాస్త్రజ్ఞుడు ఆ తొందరలోనే పని సాగించెను. 1954 సెప్టెంబరు 18వ తేదీన, త్రవ్వకము ముగియనున్న దినమున, మిత్ర దేవుని పాలరాతి శిరస్సు దొరకెను. అంతవఱకు అది ఏ భవనమో నిశ్చయముగ తెలియదు. వార్త వ్యాపింపగా వేలకొలది జనులు బారులు తీరిరి. తిరిగి నిర్మించిన ఆలయ శిథిలము 2017 నుండి దాని పూర్వస్థానమునకు చేరువగా, క్రొత్త భవనపు నేలమాళిగలో ప్రజలకు దర్శనమిచ్చుచున్నది. ఆ భవనమునకై త్రవ్వినపుడు తడినేలలో చెడక నిలిచిన 405 వ్రాతపలకలు దొరకినవి. వానిలో ఒక అప్పుపత్రముపై క్రీ.శ. 57 జనవరి 8వ తేదీ కలదు. పూర్వము దొరకిన మట్టికూజా యొకటి కూడ ఇచ్చట చెప్పదగినది. దానిపై “లండనులో, ఐసిస్ దేవి గుడివద్ద” అను అర్థముగల లాటిన్ గీతలు కలవు. ఆ గుడి ఇంకను దొరకలేదు; దాని చిరునామా మాత్రము కూజాపై మిగిలినది.

ఐదవ శతాబ్దము ఆరంభమున రోమను పాలన తొలగెను. తొలగిన పిమ్మట సామాన్యునకు ఏమి జరిగినదో పెంకులే చెప్పుచున్నవి. ఈసారి అవి లేకపోవుటచే చెప్పుచున్నవి. ఆక్స్‌ఫర్డ్, నీన్ లోయ, న్యూ ఫారెస్ట్ ఆవములు కొద్దికాలములోనే చల్లారినవి. సారెపై చేసిన కుండ చాల ప్రాంతములలో తరముల వఱకు కనబడదు. పెద్ద ఆవమునకు బాటలు కావలెను, సంత కావలెను, చేతులు మారు నాణెము కావలెను, జీతము పుచ్చుకొను సైన్యము కావలెను. ఇవి ఒకదాని వెంట నొకటి పోగా ఆవము ఆరినది. సామ్రాజ్యము కూలుటయన సింహాసనము ఖాళీ యగుట యని గ్రంథములు చెప్పును. ఇంటిలో కుండ పగిలినచో మఱియొకటి కొనుటకు దొరకకుండుట యని నేల చెప్పును.

మార్టిమర్ వీలర్ 1944లో భారత పురావస్తుశాఖకు డైరెక్టర్ జనరలుగా వచ్చెను. మన దక్షిణదేశపు ప్రాచీన స్థలములకు నిశ్చయమైన కాలము లేదని ఆయన చింత. పుదుచ్చేరి సమీపమున అరికమేడులో ఇటలీ దేశపు అరెట్టైన్ పాత్రల పెంకులు దొరకినవి. సేమియన్‌కు మాతృకయైన ఎర్రపాత్ర అదియే. 1945లో ఆయన అక్కడ పొరలవెంట త్రవ్వి, కాలము తెలిసిన ఆ పెంకులతోపాటు చక్రపుగీతలుగల నల్లని పళ్లెములును కలిసియుండుట గమనించెను. 1947లో కర్ణాటకమున బ్రహ్మగిరి, చంద్రవల్లి స్థలములలో అవే గీతల పళ్లెములు కనబడెను. చంద్రవల్లిలో శాతవాహనుల నాణెములతోపాటు రోమను చక్రవర్తి టైబీరియస్ నాణెములు కూడ దొరకెను. అట్లు శాతవాహన యుగపు పొరకు కాలము కుదిరినది. దాని క్రింది రాక్షసగుళ్ల నాగరికతకు, అంతకు క్రిందనున్న రాతిగొడ్డళ్ల నాగరికతకు వరుస ఏర్పడినది. తరువాత శాలిహుండము, ధరణికోట మున్నగు మన స్థలములలోను గీతల పళ్లెములు బయల్పడినవి. ఇవి విదేశములనుండి వచ్చినవని వీలర్ ఊహ; మట్టిని పరీక్షించిన తరువాతివారు ఇవి మన దేశమున చేసినవేయని చెప్పిరి. ఇక్కడను పెంకు తన గురువును దిద్దినది.

మన గ్రామముల శివారులలో పాటిదిబ్బలు కలవు. బూడిదరంగు మట్టి, నిండుగా చిల్లపెంకులు. సారవంతమని పాటిమన్ను తవ్వి బండ్లతో పొలములకు తోలుట మనవారి వాడుక. రైతునకు అది ఎరువు. అందులో తప్పెన్నుటకు లేదు. కాని ఆ దిబ్బ ఒకేసారి చదువదగిన పుస్తకము. శాస్త్రజ్ఞుడు చదివినను పుట చిరుగును. చదివినందున అందులోని మాట మిగులును. చదువకయే తవ్వినచో మాటయును మిగులదు. సిల్చెస్టర్‌లో విద్వాంసులే ఎన్నియో పుటలు అట్లు పోగొట్టిరి. దిబ్బలో నాణెమో, పూసయో, బొమ్మయో కనబడినపుడు దానిని ఇంటికి తెచ్చుటకంటె, దొరకినచోటనే ఉంచి, ఊరిలోని ఉపాధ్యాయునకో, పురావస్తుశాఖవారికో కబురు చేయుట మేలు. దాని పక్కనున్న పనికిరాని పెంకును కూడ కదలింపరాదు. తారీఖు చెప్పవలసినది ఆ పెంకే.